ఆడా మగా ఇద్దరికీ పెట్టే పేరు చరిత్ర తవ్వడం ఎలా? యాష్లీతో చూద్దాం

ఒక పేరు అబ్బాయిలదా అమ్మాయిలదా అని వెతికితే పేర్ల సైట్లు తలో మాట చెప్తాయి, పైగా చాలావరకు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవే. వాటిని పక్కన పెట్టేయండి. అసలు లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి, ఓపిక ఉంటే ఒక సాయంత్రంలో మనమే తేల్చుకోవచ్చు. ఉదాహరణకి యాష్లీ తీసుకుందాం, ఎందుకంటే ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ యాష్లీ కోల్, స్పిన్నర్ యాష్లీ గైల్స్ మగవాళ్ళు, హాలీవుడ్‌లో యాష్లీ జడ్ ఆడమనిషి. ముగ్గురి పేరూ ఒకటే, స్పెల్లింగ్‌తో సహా.

ముందు పుట్టుక చూడాలి. ఇంగ్లీషులో ఇలా ఇద్దరికీ పెట్టే పేర్లలో చాలా వాటికి ఒకటే దారి: ఊరి పేరు, దాన్నుంచి ఇంటిపేరు, ఆ ఇంటిపేరు కాస్తా పిల్లాడికి పెట్టే పేరు. యాష్లీ కూడా అంతే. పాత ఇంగ్లీషులో యాష్ చెట్ల మధ్య ఉన్న ఖాళీ జాగా అని అర్థం, అలాంటి జాగాల్లో వెలిసిన ఊళ్ళకి ఆ పేరొచ్చింది. ఇంటిపేరు మనిషి పేరుగా ఎలా మారుతుందో చూడాలంటే మొదటి షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ (ఎర్ల్ అంటే అక్కడి ఒక ప్రభువు బిరుదు) ఉన్నాడు, 1621లో పుట్టాడు, పూర్తి పేరు ఆంథొనీ యాష్లీ కూపర్. యాష్లీ వాళ్ళమ్మ పుట్టింటి పేరు. తల్లివైపు వంశం పేరు పోకూడదని కొడుకు పేరులో ఇరికించడం అక్కడి పెద్ద కుటుంబాల్లో మామూలే. అందుకే ఇలాంటి పేర్లు మొదట్లో మగపిల్లలకే ఎక్కువ కనిపిస్తాయి. మీరు వెతికే పేరు ఇంగ్లీషుదైతే ఏ ఊరిది, ఏ ఇంటిపేరు అన్నది ముందు తేల్చుకోండి, సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు లెక్కలు. అమెరికాలో ప్రభుత్వ పెన్షన్లు చూసే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు 1880 నుంచి పుట్టినవాళ్ళ పేర్లు ఏడాదికో టెక్స్ట్ ఫైలుగా పెట్టింది. అన్నీ కలిపి ఒకే జిప్‌లో దిగుతాయి. తెరిస్తే ఒక్కో వరుసలో పేరు, కామా, లింగాన్ని చూపే అక్షరం, కామా, ఎంతమంది అన్న సంఖ్య, అంతే. యాష్లీ కోసం వెతికితే ఒకే ఏడాది ఫైల్లో రెండు వరుసలు తగుల్తాయి, ఒకటి అమ్మాయిలది, ఇంకోటి అబ్బాయిలది. ఆ రెండూ పక్కపక్కన కాలమ్స్‌లో వేసుకోండి, మొత్తంలో అమ్మాయిల వాటా ఎంతో మూడో కాలమ్‌లో లెక్కకట్టండి. పేరు ఎటు నుంచి ఎటు జరిగిందో చెప్పేది ఈ మూడో కాలమే.

కొన్ని మెలికలున్నాయి. అయిదుగురికంటే తక్కువమందికి పెట్టిన పేర్లు ఆ ఫైళ్ళలో ఉండవు, కాబట్టి వరుస లేదంటే పేరే లేదని కాదు. సోషల్ సెక్యూరిటీ కార్డులు మొదలైంది 1930లలో, అంతకు ముందు పుట్టినవాళ్ళలో చాలామంది కార్డుకి అప్లై చెయ్యనే లేదు, అందుకే పాత సంఖ్యల్ని మరీ గట్టిగా పట్టుకోవద్దు. లింగం తప్పుగా నమోదైన వరుసలు కూడా ఉండొచ్చని వాళ్ళే చెప్తారు. వేలమంది అమ్మాయిల పక్కన పట్టుమని పాతికమంది కూడా లేని అబ్బాయిలు కనిపిస్తే దాని మీద సిద్ధాంతాలు కట్టకండి. ఇంకా, స్పెల్లింగ్ మారితే వేరే పేరు కింద లెక్క. మనం చూస్తున్నది Ashley, టెన్నిస్ ఆడిన యాష్లీ బార్టీది Ashleigh, ఆ వరుసలూ కలుపుకోకపోతే అమ్మాయిల సంఖ్య తగ్గి కనిపిస్తుంది.

ర్యాంకు చూసి మోసపోవద్దు. యాష్లీ 1991, 1992ల్లో అమెరికా అమ్మాయిల పేర్లలో మొదటి స్థానంలో ఉంది, కానీ ఆ మొదటి స్థానం అంటే నూటికి సుమారు ఇద్దరే. 1880లో మొదటిది మేరీ, అప్పుడు నూటికి ఏడుగురు. రెండూ నంబర్ వన్నే! శాతం వేసుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది.

అందరూ తొందరపడేది కారణం దగ్గరే. యాష్లీ అనగానే "గాన్ విత్ ద విండ్" అంటారు, నిజమే, అందులో యాష్లీ విల్క్స్ అనే పాత్ర ఉంది. నవల 1936లో వచ్చింది, సినిమా 1939లో. కానీ ఆ పాత్ర మగవాడు, అమ్మాయిల్లో ఈ పేరు అమెరికా మొదటి వెయ్యిలోకి వచ్చింది 1960లలో. పాతికేళ్ళ గ్యాప్‌ని సినిమా ఒక్కటే ఎలా వివరిస్తుంది? నా లెక్కలో షర్లీ, కింబర్లీ, బెవర్లీ లాంటి "లీ" చప్పుడుతో ముగిసే పేర్లకి అమ్మాయిల్లో అప్పటికే అలవాటు పడి ఉండటం అసలు కారణం. షర్లీ కథ కూడా ఇదే బాపతు. మగపిల్లాడు పుడతాడనుకున్న తల్లిదండ్రులు కూతురికి ఆ పేరు పెట్టినట్టు ఇంగ్లీషు రచయిత్రి షార్లట్ బ్రాంటీ 1849లో నవల రాసింది. ఇక హాలీవుడ్ బాలనటి షర్లీ టెంపుల్ వల్లే ఆ పేరు వెలిగిందంటారు గానీ, ఆ అమ్మాయి స్టార్ అయిన 1934కి ముందే పేరు పైకెక్కుతూ ఉంది, ఆమె దానికి ఇంకో తోపు తోసింది, 1935లో రెండో స్థానం దాకా వెళ్ళింది. కాబట్టి ఎవరైనా ఫలానా సినిమా వల్లే అంటే ఆ సినిమాకి ముందు పదేళ్ళ గ్రాఫ్ చూడండి. అప్పటికే గీత లేస్తూ ఉంటే ఆ కథ సగమే నిజం.

చివరగా ఇంకో దేశం లెక్కతో పోల్చండి. ఇంగ్లండ్, వేల్స్‌కి జాతీయ గణాంకాల ఆఫీసు 1996 నుంచి పూర్తి జాబితాలు ఇస్తుంది, అంతకు ముందువి పదేళ్ళకోసారి మొదటి వంద పేర్లే. అమెరికాలో అమ్మాయిలు తీసుకున్నాక అబ్బాయిలకి పెట్టడం బాగా తగ్గింది, ఇంగ్లండ్‌లో మాత్రం 1990లలో కూడా యాష్లీ అబ్బాయిల మొదటి వందలో ఉంది. అందుకని ముఖం తెలియని యాష్లీకి మెయిల్ రాయాల్సి వస్తే, ఆ మనిషి ముప్ఫయ్యేళ్ళ అమెరికన్ అయితే ఆవిడ అని ధైర్యంగా అనుకోవచ్చు, అదే వయసు ఇంగ్లండ్ మనిషైతే మాత్రం పేరుతోనే మొదలుపెట్టి ఆయనా ఆవిడా అన్నది దాటేయండి.