ఫ్లెక్సు మీద అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి

గుంటూరులో ఒక ఫ్లెక్సు షాపులో పదహారేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. ఆగస్టు ఆఖరు నుంచే బడుల ఆర్డర్లు మొదలవుతాయి. కాగితం మీద ఇంగ్లిషులో ఒకరు టీచర్స్ డే అని, ఒకరు టీచర్’స్ డే అని, ఇంకొకరు టీచర్స్’ డే అని రాసిస్తారు. పైకి చదివితే మూడూ ఒకటే. తేడా అల్లా అపాస్ట్రఫీ అనే ఈ చిన్న గుర్తు (’) ఉందా, ఉంటే ఎక్కడుంది అన్నదే. ఒకసారి రాసిచ్చినట్టే 12 బై 8 ఫ్లెక్సు కొట్టేశాను. ఆ బడి ఇంగ్లిషు మేడమ్ వచ్చి తప్పు చూపించి, కౌంటరు దగ్గరే నిలబడి ఈ చిట్కా చెప్పారు: ముందు తెలుగులో అనుకోమ్మా.

తెలుగులో ఆ తేడా నోటికే తెలుస్తుంది. ‘అమ్మాయిలు వచ్చారు’లో లు ఉంది, అది ఉత్త బహువచనం. గర్ల్స్ అని రాస్తే చాలు, అపాస్ట్రఫీ వద్దు. ‘అమ్మాయి సైకిలు’ ఒక్కరిది, కాబట్టి గర్ల్’స్. ‘అమ్మాయిల హాస్టలు’లో లు కాస్తా ల అయింది, కాబట్టి గర్ల్స్’.

టైపు చేసేటప్పుడు, ఎవరిదో ఆ మాటను ముందు పూర్తిగా కొట్టండి. అది ఎస్‌తో ముగిసే బహువచనమైతే చివర అపాస్ట్రఫీ పెట్టి ఆగిపోండి. కాకపోతే అపాస్ట్రఫీ పెట్టి ఎస్ చేర్చండి. ఆసుపత్రి బోర్డు మీద ‘పిల్లల వార్డు’ రాయాలనుకోండి. పిల్లలు అంటే చిల్డ్రన్, చివర ఎస్ లేదు. అందుకే చిల్డ్రన్’స్ వార్డ్. ఎస్ తర్వాత అపాస్ట్రఫీ పెట్టిన బోర్డులు చూస్తుంటాను, అది తప్పు. విమెన్ కూడా ఇంతే.

లేడీకి బహువచనంలో వై పోయి ఐఈఎస్ వస్తుంది. మనుషుల పేర్లకు మాత్రం ఆ పని చేయకండి. రెడ్డి గారి కుటుంబమంతా కలిసి పిలిచే కార్డులో ‘ది రెడ్డీస్’ అంటే రెడ్డిలో వై అలాగే ఉంచి పక్కన ఎస్ పెట్టాలి, అంతే. అపాస్ట్రఫీ అక్కర్లేదు.

సెప్టెంబర్ 5 రాధాకృష్ణన్ గారి పుట్టినరోజే అయినా, పండుగ ఉపాధ్యాయులందరిదీ. ఉపాధ్యాయుల దినోత్సవం కాబట్టి టీచర్స్’ డే. మాతృ దినోత్సవానికి అలా కుదరదు. అమెరికాలో ఆ రోజు కోసం పాటుపడిన అన్నా జార్విస్ ఏకవచనమే ఉండాలని పట్టుబట్టారు, ఎవరి అమ్మను వాళ్లు తలుచుకోవాలని. 1914లో అక్కడి ప్రభుత్వం ఆ రోజును గుర్తించింది. అది మదర్’స్ డే. నాకు ఆవిడ పట్టుదల చాలా ఇష్టం.

ఫర్నిచర్, లగేజ్ లాంటి మాటలకు ఎస్ ఎప్పుడూ చేర్చకండి, దుకాణంలో మంచాలు ఎన్ని ఉన్నా సరే.

ఇప్పుడు ప్రూఫు వాట్సాప్‌లో పంపేముందు ఆర్డరిచ్చినవాళ్లకు ఫోన్ చేసి అడుగుతాను: ‘ఒకరిదా సార్, అందరిదా?’