మోటరు కాలక ముందే రిలే ట్రిప్ కొట్టాలంటే

కాలిన మోటరు మా షాపుకు వస్తే ముందు విప్పి వైండింగ్, అంటే లోపలి రాగి తీగ చుట్లు చూస్తాను. మూడు ఫేజుల కాయిళ్లూ ఒకే తీరుగా నల్లబడి ఉంటే, ఎక్కువ లోడు మీదో తక్కువ వోల్టేజీ మీదో చాలాసేపు నడిచిందని అర్థం. స్టార్ కనెక్షన్ (మూడు కాయిళ్ల ఒక్కో కొస ఒకచోట కలిపినది) మోటరులో రెండు ఫేజులు మాడిపోయి మూడోది కొత్తదానిలా ఉంటే, ఒక ఫేజు పోయినా తిరుగుతూనే ఉందన్నమాట. డెల్టా (కాయిళ్లను కొస కొస త్రికోణంలా కలిపినది) అయితే ఒక ఫేజు మాడి, మిగతా రెండూ బాగుంటాయి. అది చూశాక రైతును అడుగుతాను: "అన్నా, స్టార్టర్‌లో రిలే ఎంత మీద పెట్టినావు?"

"ఊరికే ట్రిప్ కొడుతుంటే ఫుల్లుగా తిప్పేసినాం." ఎక్కువసార్లు వినే జవాబు ఇదే. రిలే అంటే కరెంటు ఎక్కువైతే మోటరును ఆపించే భాగం, అలా ఆపడాన్నే ట్రిప్ కొట్టడం అంటాం.

అనంతపురం జిల్లాలో 22 ఏళ్లుగా కాలిన మోటర్లకు వైండింగ్ కడుతున్నాను. బోరులోంచి మోటరు పైకి తీయించి, కట్టించి, మళ్లీ దించేసరికి నాలుగైదు రోజులు పోతాయి. ఎండాకాలంలో ఆ నాలుగైదు రోజులకే చీనీ (బత్తాయి) తోటలో కాయ రాలిపోవడం కళ్లారా చూశాను. స్టార్టర్‌లో చిన్న డయల్ ఒకటి సరిగ్గా ఉంటే అందులో చాలా నష్టం తప్పేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

స్టార్టర్ మూత తీస్తే కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపి, విడదీసే స్విచ్) కింద నల్లటి డబ్బా ఉంటుంది. అదే ఓవర్‌లోడ్ రిలే. లోపల ఫేజుకు ఒకటి చొప్పున మూడు రేకులు ఉంటాయి. ఒక్కో రేకు రెండు లోహాలు అతికించి చేసినది. కరెంటు ఎక్కువైతే రేకు వేడెక్కుతుంది. ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ సాగుతుంది, దాంతో రేకు వంగి ఒక పుల్లను నెడుతుంది. ఆ పుల్ల 95, 96 అని నంబర్లున్న చిన్న పాయింటును విడదీస్తుంది. కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు ఆ పాయింటు గుండానే పోతుంది కాబట్టి కాయిల్ వదిలేస్తుంది, మోటరు ఆగుతుంది. అంటే మోటరు కరెంటును కోసేది కాంటాక్టర్, కోయమని చెప్పేది రిలే. కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోయి ఉంటే రిలే ట్రిప్ కొట్టినా మోటరు ఆగదు. షార్ట్ సర్క్యూట్‌ను ఆపడం కూడా రిలే పని కాదు, దానికి ఫీజు (ఫ్యూజ్) సరైనది ఉండాలి. ఫీజు స్థానంలో లావు తీగ చుట్టడం ఇప్పటికైనా మానండి.

రిలే వెంటనే ట్రిప్ కొట్టకపోవడానికి కారణం ఉంది. నేరుగా స్టార్ట్ చేసినప్పుడు మోటరు మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. ఆ కొన్ని సెకన్లు రిలే ఓర్చుకోవాలి. రిలే ఎంత త్వరగా ట్రిప్ కొట్టాలో చెప్పేది దాని క్లాస్. క్లాస్ 10 రిలేను 10 ఆంపియర్ల మీద పెట్టారనుకోండి. 10.5 ఆంపియర్లకు రెండు గంటలైనా కొట్టకూడదు, 12కు రెండు గంటల లోపల కొట్టాలి, 72కు రిలే చల్లగా ఉన్నప్పుడైనా 4 నుంచి 10 సెకన్లలో కొట్టాలి. సబ్‌మర్సిబుల్ మోటరు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి దానికి క్లాస్ 10 లేదా 10ఏ రిలేనే అడిగి తీసుకోండి.

ఇప్పుడు డయల్ ఫుల్లుగా తిప్పితే ఏమవుతుందో లెక్క చూడండి. మోటరు ప్లేటు మీద 9 ఆంపియర్లు ఉంది, రోజూ 8.2 లాగుతోంది. నడుస్తుండగా ఒక ఫేజు పోయింది. మిగతా రెండింటిలో కరెంటు సుమారు 1.73 రెట్లు, అంటే 14కు కాస్త పైకి పోతుంది. రిలే 9 మీద ఉంటే కొద్ది నిమిషాల్లోనే ఆపేస్తుంది. 14 మీద ఉంటే దానికి అది మామూలు లోడే. మోటరు మాడేదాకా నడవనిస్తుంది.

సరిగ్గా పెట్టడానికి ముందు ప్లేటు మీది ఆంపియర్లు చూడండి. హెచ్‌పీని బట్టి ఊహించవద్దు, ఒకే హెచ్‌పీలో సబ్‌మర్సిబుల్ మామూలు మోటరు కన్నా ఎక్కువ లాగుతుంది. తరువాత మోటరును ఇరవై నిమిషాలు నడిపి, టాంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) మూడు ఫేజులూ విడివిడిగా చూడాలి. మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తేడా ఉంటే డయల్ ముట్టుకోకుండా ఫీజు, జాయింట్లు, కేబుల్ చూడండి. మెయిన్ ఆపాకే డయల్‌ను ప్లేటు అంకె మీదకు తిప్పండి. ఎంత ట్రిప్ కొట్టినా ఆ అంకె దాటకూడదు. ఆ అంకె డయల్ చివరల్లో కాకుండా లోపల ఎక్కడైనా వచ్చే రేంజ్ రిలే కొనడం మంచిది. 9 ఆంపియర్ల మోటరుకు 6–10 రిలే సరిపోతుంది.

మోటరును ముందు స్టార్‌లో ఎక్కించి తరువాత డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో లెక్క వేరు. చాలావాటిలో రిలే లైనులో కాకుండా వైండింగ్‌కు పోయే దారిలో ఉంటుంది. అక్కడ పారేది లైను కరెంటులో 0.58 వంతే. ప్లేటు మీద 15 ఉంటే రిలే 8.7 మీద పెట్టాలి. పనిలో చేరిన రెండో ఏడు నేనే 15 మీద పెట్టాను. ఆ 10 హెచ్‌పీ మోటరు నెల తిరగకుండా కాలింది. డబ్బు తీసుకోకుండా కట్టి ఇచ్చాను, కానీ ఆ రైతు ఎండబెట్టుకున్న మడి ఇప్పటికీ గుర్తుంది.

రిలేతో పాటు, ఒక ఫేజు పోతే మోటరును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ కూడా ఉండాలి. వోల్టేజీని మాత్రమే చూసే రకం కొన్నిసార్లు మోసపోతుంది. తిరుగుతున్న మోటరు, పోయిన ఫేజులోకి తానే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది, మూడు ఫేజులూ ఉన్నాయనుకుని అది ఊరుకుంటుంది. కరెంటును చూసే రకం అయితే నమ్మవచ్చు, కొంచెం ధర ఎక్కువైనా అదే తీసుకోండి.

ఏడాదికి రెండుసార్లయినా పరీక్ష చేయాలి. మోటరు నడుస్తుండగా రిలే మీది టెస్ట్ బటన్ నొక్కితే ఆగాలి. ప్రివెంటర్‌కు ఇంకో పరీక్ష ఉంది, దీన్ని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. మెయిన్ ఆపి ఒక ఫీజు తీసి, మళ్లీ ఇచ్చి స్టార్ట్ నొక్కాలి. తీసే ఫీజు కాంటాక్టర్ కాయిల్‌కు పోని మూడో ఫేజుది కావాలి. కాయిల్ ఫేజు తీస్తే ఎలాగూ పట్టదు, ప్రివెంటర్ బాగుందని పొరపడతారు. కాంటాక్టర్ పట్టి మోటరు బూం అని మూలుగుతూ కొన్ని సెకన్లలో తానే ఆగకపోతే వెంటనే స్టాప్ నొక్కాలి, ఆ ప్రివెంటర్ పని చేయడం లేదు.

రిలేలో రీసెట్ ఆటో, మాన్యువల్ అని రెండు రకాలు. మాన్యువల్‌లోనే ఉంచండి. రీసెట్ ఆటోలో ఉండి, పైన ఆటో స్టార్టర్ కూడా ఉంటే, రేకు చల్లారిన ప్రతిసారీ మోటరు మళ్లీ ఎక్కుతుంది. లోపలి రాగి మాత్రం రేకు అంత త్వరగా చల్లారదు. అలా ఒక్క రాత్రిలో కాలిన మోటర్లు చాలానే కట్టాను.

ట్రిప్ కొట్టినప్పుడు పది నిమిషాలు ఆగి, మూడు ఫేజుల వోల్టేజీ చూసి, ఒక్కసారే రీసెట్ చేయండి. మళ్లీ కొడితే ఇక నొక్కవద్దు, మెకానిక్‌ను పిలవండి. తడి కాళ్లతో డబ్బా ముట్టుకోవద్దు, ఎర్తింగ్ తీగ ఊడిపోలేదని చూసుకోండి. మంచిగా నడుస్తున్న రోజు మూడు ఫేజుల ఆంపియర్లూ తేదీతో సహా స్టార్టర్ మూత లోపల మార్కర్‌తో రాసిపెట్టండి. రేపు నేనొచ్చినా ఇంకెవరొచ్చినా ముందు చూసేది దాన్నే.