దగ్గర్లోని యూనివర్సిటీ ఇన్‌క్యుబేటర్‌తో మీ సమస్యకు పని చేయించుకోవడం ఎలా

ఇన్‌క్యుబేటర్ అంటే కొత్త ఆలోచనలను వస్తువులుగా, చిన్న కంపెనీలుగా మార్చడానికి యూనివర్సిటీ నడిపే కేంద్రం. అది కోడింగ్ వచ్చిన స్టూడెంట్లకే అనుకుని చాలామంది ఆ గేటు దాకా కూడా వెళ్లరు. అక్కడ ల్యాబ్‌లు, మెషీన్లు, మెంటర్లు, ఏదో ఒకటి చేసి చూపించాలన్న పట్టుదల ఉన్న పిల్లలు ఉంటారు. చాలాసార్లు వాళ్లకు దొరకనిది నిజమైన సమస్యే. అది మీ దగ్గర ఉంది కాబట్టి మొహమాటపడకండి. చిన్న వర్క్‌షాప్ వాళ్లయినా, రైతు సంఘమైనా, కాలనీ కమిటీ అయినా వెళ్లి అడగొచ్చు.

వెళ్లేముందు సమస్యను ఒక్క పేజీలో రాసుకోండి. 'మాకు యాప్ కావాలి' అని మాత్రం రాయకండి, అది సమస్య కాదు, మీరు ముందే తేల్చేసిన జవాబు. పని ఎక్కడ ఆగుతోంది, ఎన్ని రోజులకోసారి, ఎంతమందికి ఇబ్బంది, ఇప్పటికి ఎలా నెట్టుకొస్తున్నారు, అందుకు ఎంత ఖర్చవుతోంది, ఇంతవరకు ఏమేం ప్రయత్నించి వదిలేశారు, ఇవి చాలు. ఫోన్‌లో తీసిన చిన్న వీడియో కూడా ఉంటే ఇంకా మంచిది.

సెమిస్టర్ మొదలయ్యే ముందే వెళ్లండి, ప్రాజెక్టులు పంచేది అప్పుడే. ఇన్‌క్యుబేటర్ ఆఫీసులో సరైన స్పందన లేకపోతే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చూసే ప్రొఫెసర్‌ని కలవండి. నెదర్లాండ్స్ యూనివర్సిటీల్లో 1970లలోనే 'సైన్స్ షాప్'లు మొదలయ్యాయి. స్థానిక సంఘాలు ప్రశ్న తెస్తే ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు పరిశోధన చేసి జవాబు ఇస్తారు, ఫీజు ఉండదు, ఉన్నా చాలా తక్కువ. మీ దగ్గర అలాంటిది లేకపోతే పెట్టమని అడగడంలో తప్పేమీ లేదు.

ఇంకో దారి కూడా ఉంది. అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లో ఐ-కార్ప్స్ మొదలుపెట్టింది, పరిశోధనను మార్కెట్‌కి తీసుకెళ్లడం నేర్పే ఆ శిక్షణలో ప్రతి టీమూ దాదాపు వందమంది కస్టమర్లతో నేరుగా మాట్లాడాలి. ఇప్పుడు చాలా ప్రోగ్రాములు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి. మాట్లాడే మనుషుల కోసం ఆ టీములు తిరుగుతూనే ఉంటాయి, 'మా వాళ్లు పదిమందిని కూర్చోబెడతాం, రండి' అని మీరే పిలవండి.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది వాళ్లను పని జరిగే చోటికి తీసుకురావడం. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ క్లాసులో ఒక టీముకు పసిపిల్లల ఇన్‌క్యుబేటర్‌ను (నెలలు నిండని బిడ్డను వెచ్చగా ఉంచే ఆసుపత్రి పెట్టెను) చౌకగా తయారుచేయమని పని ఇచ్చారు. వాళ్లలో ఒకరు నేపాల్ వెళ్లి చూస్తే ఆసుపత్రిలో ఇన్‌క్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి, ఎందుకంటే నెలలు నిండకుండా పుట్టే పిల్లల్లో చాలామంది దూరపు పల్లెల్లో పుడుతున్నారు, ఆసుపత్రి దాకా రావడం లేదు. దాంతో ఆ టీము ఇన్‌క్యుబేటర్ ఆలోచన పక్కనపెట్టి, బిడ్డను వెచ్చగా ఉంచే చిన్న సంచి లాంటిది తయారుచేసింది. అదే ఎంబ్రేస్. క్లాసులోనే కూర్చుని ఉంటే ఈ సంగతి వాళ్లకు తెలిసేది కాదు. కనీసం ఒక పూట మీ పక్కన నిలబడి పని చూడమనండి, వీలైతే వాళ్ల చేత చేయించండి కూడా.

పని మొదలవ్వకముందే, తయారయ్యేదానిపై హక్కు ఎవరిదన్న సంగతి కాగితం మీద పెట్టండి. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీలో హక్కు సాధారణంగా కనిపెట్టినవాళ్లదే, చాలాచోట్ల యూనివర్సిటీదే. మీ ఆలోచన కూడా అందులో కలిస్తే మీ వాటా ఏమిటో, దాన్ని మీరు ఉచితంగా వాడుకోవచ్చో లేదో స్పష్టంగా రాయించుకోండి. పేటెంట్ ఆలోచన ఉంటే అప్లికేషన్ వేసేదాకా ఎగ్జిబిషన్‌లో పెట్టొద్దనండి, చాలా దేశాల్లో ముందే బయటపెట్టినదానికి పేటెంట్ రాదు.

చివరగా, సెమిస్టర్ అయ్యాక రిపేరు ఎవరు చేస్తారు? మార్కులు పడగానే పిల్లలు వెళ్లిపోతారు, వాళ్లను తప్పుపట్టలేం. అందుకే డ్రాయింగులు, విడిభాగాల లిస్టు, కోడ్ అన్నీ మీ చేతికి ఇవ్వాలనీ, మీలో ఇద్దరికి రిపేరు నేర్పాలనీ మొదటి రోజే ఒప్పించుకోండి. ఆరునెలలు వాడాక ఏది విరిగింది, ఏది అసలు వాడలేదు అన్నది రాసుకుని మళ్లీ అదే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లండి, తర్వాతి బ్యాచ్‌కి ప్రాజెక్టు అదే అవుతుంది.