రీచార్జ్ బ్యాటరీలు కొనే ముందు జాగ్రత్తలు

• ఏ పరికరానికి ఏ సైజు కావాలో ముందు చూసుకోండి. గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కు మామూలు సెల్లులే చాలు. సెల్లులను ఇట్టే తినేసే పిల్లల బొమ్మలకు రీచార్జ్ సెల్లులు గిట్టుబాటు.

• నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం తీసుకోండి. వోల్టేజి మామూలు సెల్లుల్లా 1.5 కాక 1.2 ఉన్నా చాలా పరికరాలు నిక్షేపంగా పనిచేస్తాయి.

• ఈ రకం డబుల్ ఏ సెల్లుపై 4000 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) అని ఉంటే నమ్మకండి. మంచివి సాధారణంగా 2000 నుంచి 2700 మధ్య ఉంటాయి. అంకె కాస్త తక్కువైనా, వాడకుండా పక్కన పెట్టినా చార్జి నిలుపుకునే రకానికే నా ఓటు.

• చార్జర్ దగ్గర పిసినారితనం వద్దు. ఒక్కో సెల్లుకు విడిగా లైటు ఉండి, నిండగానే తానే ఆగేది కొనండి. జతలుగా మాత్రమే చార్జ్ చేసేవాటిలో ఒకటి నిండినా, రెండోది సగంలోనే ఉండవచ్చు.

• మామూలు సెల్లులను చార్జర్‌లో పెట్టవద్దు, కారవచ్చు, పగలవచ్చు.

• పాతవీ కొత్తవీ కలపవద్దు.