కాన్సంట్రేటర్ నడుస్తూనే ఉంది, ఆక్సిజన్ రీడింగ్ మాత్రం పెరగడం లేదు

సమస్య: సిఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్న పెద్దాయనకు డాక్టర్ నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ పెట్టమన్నారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటర్ మిషన్‌లో పచ్చ లైటు వెలుగుతోంది, ఎన్ని లీటర్లు వెళ్తున్నాయో చూపే ఫ్లో మీటర్‌లో బాల్ రెండు దగ్గరే తేలుతోంది, నీళ్ళ బాటిల్‌లో బుడగలు వస్తున్నాయి. నిన్నటిదాకా 91 చూపించిన ఆక్సీమీటర్ ఇవాళ 85 దాటడం లేదు.

ముందు మనిషి, తర్వాత మిషన్. పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. సిలిండర్ ఉంటే అన్నే లీటర్ల మీద దానికి మార్చి, డాక్టర్‌కు చెప్పి, అప్పుడు మిషన్ సంగతి చూడండి.

ఆక్సీమీటర్: వేళ్ళు చల్లబడినా, గోళ్ళకు రంగున్నా తప్పు చూపిస్తుంది. చేతులు రుద్ది వెచ్చబరచి, ఇంకో వేలికి పెట్టి, ఒక నిమిషం ఆగండి. అందులోని నాడి అంకె మణికట్టు దగ్గర లెక్కపెట్టిన దానితో కలవకపోతే ఆక్సిజన్ అంకెనూ నమ్మొద్దు. ట్యూబు మంచం కోడు కింద నలిగిందేమో మీరు ఎలాగూ చూసే ఉంటారు.

అసలు దొంగ: నీళ్ళ బాటిల్ మూత.

మనం పీల్చే గాలిని ముక్కు వెచ్చబరచి, తడి చేసి లోపలికి పంపుతుంది. మిషన్‌లో జియోలైట్ గుళికలు గాలిలోని నైట్రోజన్‌ను పట్టేసుకున్నాక వచ్చే ఆక్సిజన్ పొడిగా ఉంటుంది. గంటల తరబడి అదే పీలిస్తే ముక్కు ఎండిపోతుంది, అందుకే ఈ బాటిల్. ఆక్సిజన్ ఫ్లో మీటర్ దాటి, బాటిల్ అడుగుకు దిగి, బుడగలై పైకి లేచి, నీళ్ళ పైనున్న ఖాళీలోంచి ట్యూబులోకి పోవాలి. మూత సరిగ్గా పట్టకపోతే ఆ ఖాళీలోంచే గదిలోకి జారిపోతుంది. లైటు, బాల్, బుడగలు మూడూ ఈ లీకుకు ముందే ఉన్నాయి కాబట్టి మూడూ అంతా బాగుందనే చెబుతాయి. రెండు లీటర్ల మీద సుమారు 28 శాతం ఆక్సిజన్ అందాల్సిన మనిషి మామూలు గాలిలోని 21 శాతం వైపు జారిపోతాడు. గాలి గదుల గోడలు దెబ్బతిన్న ఊపిరితిత్తులకు అది చాలదు.

రోజూ నీళ్ళు మార్చేటప్పుడు మూత మర తప్పి వంకరగా ఎక్కుతుంది. లేదా కడుగుతుంటే లోపలి రబ్బరు వాషర్ సింకులో పడిపోతుంది. వేడి నీళ్ళకు ప్లాస్టిక్ వంగడం కూడా ఉంది.

పరీక్షకు అర నిమిషం చాలు, అయినా ఎవరూ చేయరు. మిషన్ ఆన్‌లో ఉండగా ముక్కు దగ్గర ట్యూబును మడిచి గట్టిగా పట్టుకోండి. సేఫ్టీ వాల్వు ఉన్న బాటిలైతే ఈల వేయాలి, లేదా టపటపమనాలి. వాల్వు లేకపోతే బుడగలు ఆగి బాల్ కిందికి దిగాలి. ఏదీ జరగలేదంటే లీకు ఉన్నట్టే. బాటిల్ తీసేసి, మిషన్‌తో ఇచ్చిన చిన్న నాజిల్‌కు ట్యూబు నేరుగా తగిలించి మళ్ళీ మడవండి. ఇప్పుడు బాల్ దిగితే తప్పు బాటిల్‌దే, దిగకపోతే ట్యూబుదో దాని అతుకులదో.

పరిష్కారం: వాషర్ చూసుకోండి. మూతను ముందు వెనక్కి తిప్పండి, మర కుదిరినట్టు చేతికి తెలిశాక బిగించండి. పగులుంటే కొత్త బాటిల్ కొనండి, టేపు చుట్టొద్దు. బిగుసుకుందని మరకు కొబ్బరి నూనె, వాజలైన్ రాసేవాళ్ళున్నారు. ఆక్సిజన్ దగ్గర నూనె అంటే నిప్పుతో చెలగాటమే.

రీడింగ్ రాలేదని నాలుగు లీటర్లకు పెంచడం మాత్రం చేయకండి. సాయంత్రం ఎవరో మూత సరిగ్గా బిగిస్తారు, ఆ నాలుగూ ఒక్కసారిగా ముక్కులోకి వెళ్తాయి. సిఓపీడీ వాళ్ళకు సాధారణంగా డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. అంతకు మించితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్మే ప్రమాదం ఉంది.

జియోలైట్ తేమ పట్టడం, కంప్రెసర్ అరగడం కూడా ఉంటాయి. అప్పుడు చాలా మిషన్లలో లైటు రంగు మారుతుంది, కంపెనీ మనిషిని పిలవండి. ఫిల్టర్ దుమ్ము వారానికోసారి ఎలాగూ కడగాలి.

ట్యూబు మడిస్తే ఈల వస్తోంది, లైటు పచ్చగానే ఉంది, అయినా 85 దగ్గరే ఉందా? మిషన్‌ను విప్పకండి. కఫం అడ్డుపడిందో ఇన్ఫెక్షన్ వచ్చిందో డాక్టరే చూడాలి, అదీ ఆ రోజే.