ఇంట్లో ఎవరైనా చనిపోతే పిల్లలకు ఎలా తోడుండాలి?

ముందుగా, విషయం దాచకుండా చెప్పండి. ఇంకెవరి నోటి నుంచో వాళ్ల చెవిన పడకముందే, పిల్లలకు బాగా దగ్గరైన మనిషే చెప్పాలి. "తాతయ్య చనిపోయారు. గుండె ఆగిపోయింది, డాక్టర్లు బతికించలేకపోయారు" అంటే చాలు. "నిద్రపోయారు", "ఊరెళ్లారు" అంటే ఆ పూటకు గండం గడుస్తుంది. తర్వాత పిల్లలు పడుకోవడానికే భయపడొచ్చు, లేదా రోజూ గుమ్మం వైపు చూస్తూ కూర్చోవచ్చు.

ఐదేళ్లలోపు పిల్లలకు, పోయినవాళ్లు ఇక రారన్న సంగతి ఒక పట్టాన అర్థం కాదు. "మరి రేపొస్తారా?" అని మళ్లీ మళ్లీ అడుగుతారు. విసుక్కోకుండా ప్రతిసారీ అదే జవాబు చెప్పండి.

అసలు భయాలు పైకి అడగరు. నా వల్లే జరిగిందా? నువ్వు కూడా చనిపోతావా? అప్పుడు నన్నెవరు చూసుకుంటారు? కోపంలో "నాన్నంటే నాకిష్టం లేదు" అన్న ఏడేళ్ల పిల్లాడు, ఆ మాటే నాన్న ప్రాణం తీసిందని లోలోపల కుమిలిపోవచ్చు. వాడు అడక్కపోయినా మీరే చెప్పండి: "నువ్వు అన్నదాని వల్ల గానీ, చేసినదాని వల్ల గానీ ఇది జరగలేదు." "నేనెప్పటికీ చనిపోను" అని మాత్రం మాటివ్వకండి. "నేను ఆరోగ్యంగానే ఉన్నాను. నాకేమైనా అయినా పిన్ని నిన్ను చూసుకుంటుంది" అనండి. ఇందులో అబద్ధం లేదు, పిల్లాడికి ధైర్యమూ దొరుకుతుంది.

కాసేపు ఏడ్చి వెంటనే ఆటకు పరిగెత్తితే బాధ లేదని కాదు. పిల్లలకు దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది. పక్క తడపడం, కడుపునొప్పి, మిమ్మల్ని వదలకపోవడం కూడా ఆ బాధే కావచ్చు, తిట్టకండి. నిద్ర, భోజనం, స్కూలు వేళలు వీలైనంత మామూలుగా సాగనివ్వండి. టీచర్‌కి ముందే చెప్పి ఉంచండి. మీకు ఏడుపొస్తే దాచుకోకుండా, ఎందుకొచ్చిందో చెప్పండి.

టీనేజ్ పిల్లలతో "ఇక ఇంటికి పెద్దదిక్కు నువ్వే" అని దయచేసి అనకండి. వాళ్ల ఏడుపు అక్కడే ఆగిపోతుంది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పనిది, కలిసి నడుస్తున్నప్పుడు చెప్తారు. మీకంటే ఫ్రెండ్స్‌తో ఎక్కువ మాట్లాడినా నొచ్చుకోకండి.

2022లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల మార్గదర్శకం ప్రకారం, పిల్లల్లో తీవ్రమైన దుఃఖం ఆరు నెలలు దాటినా తగ్గక, రోజువారీ జీవితం కుంటుపడితే చికిత్స అవసరమైన సమస్యగా చూడాలి. "నాన్న దగ్గరికి వెళ్లిపోతాను" అంటే మాత్రం అన్నాళ్లు ఆగొద్దు. చిన్నపిల్లలు బెంగతో కూడా అలా అంటారు, అయినా కంగారుపడకుండా "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.