ఫేర్‌వెల్ ముందు మెట్లెక్కేవాళ్లకీ, వాళ్ల రూమ్మేట్లకీ కొన్ని జాగ్రత్తలు

ఫిబ్రవరి వచ్చిందంటే మన తిరుపతి హాస్టళ్లలో రెండు మొదలైతాయి, ఫేర్‌వెల్‌కి చీరలు వెతుక్కోవడం, మెస్‌లో అన్నం తగ్గించేయడం. తెల్లారకముందే అలిపిరి దగ్గర రెడీ. మొక్కు కోసం తిరుమలకి 3550 మెట్లెక్కేది వేరు, రాత్రి తిన్న బోండాలు కరగాలని ఎక్కేది వేరు, కానీ పక్కన నడిచేవాళ్లకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది. ఈ రెండోది ముదిరితే ఈటింగ్ డిజార్డర్ కావచ్చు, అంటే తిండి, బరువు గురించిన బెంగతో వచ్చే మానసిక జబ్బు.

నా రూమ్మేట్ శనివారం ఒక్కపొద్దు అనింది, సరే అనుకున్నాం. తర్వాత గురువారం, ఆ తర్వాత సోమవారం కూడా, మేమేమో ఎంత భక్తో అనుకున్నాం. సంగటి ముద్దని చిన్న చిన్న ముక్కలు చేసి, పప్పులో ముంచినట్టు ముంచి, చివరికి కవర్లో వేసేసేది. కాలు నొప్పని ఏడుస్తానే క్రేప్ బ్యాండేజ్ చుట్టుకోని శ్రీవారి మెట్టుకి ఆటో ఎక్కేది. మార్చి ఎండల్లో స్వెటర్ వేసుకునేది, చలంట! మేం "భలే సన్నబడ్డావే" అన్నాం, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంది. డాక్టర్ దగ్గరికి తీసకపోయేసరికి మూడు నెలలుగా పీరియడ్స్ లేవు, కాలి ఎముకలో సన్నగా చీలిక.

కాబట్టి ముందు మీరే చూస్కోండి. ఒక్కరోజు వర్కౌట్ మానేస్తే ఏమైతా ఉంది? బద్ధకంగా ఉంటే పర్లేదు, తప్పు చేసినట్టు అనిపించి, చిరాకొచ్చి, దానికి శిక్షగా తిండి మానేస్తా ఉంటే అది ఫిట్‌నెస్ కాదు. జ్వరంలో, దెబ్బ తగిలినా ఆపలేకపోవడం కూడా అంతే. లేస్తే కళ్లు తిరగడం, జుట్టు రాలడం, పీరియడ్స్ ఆగడం వీటిని "డైట్ పనిచేస్తా ఉంది" అనుకోవద్దు. ఖాళీ కడుపుతో మెట్ల జోలికి పోనే వద్దు.

సన్నగా ఉంటేనే జబ్బు అనేది చానా పెద్ద పొరపాటు. తిన్నంక బాత్రూంలో కక్కేవాళ్లు మామూలు బరువుతోనే ఉండొచ్చు, లోపల పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు, పళ్ల ఎనామిల్ అరిగిపోతుంది. మగపిల్లలకీ వస్తుంది, కండలు కనిపిస్తానే ఉన్నా "ఇంకా బక్కగా ఉన్నా మామా" అని జిమ్ వదలనోళ్లు మీ బ్యాచ్‌లో లేరా?

ఇంకోటి అమ్మలకి చెప్పాలి. చాన్నాళ్లు సరిగా తినని పిల్ల ఇంటికొస్తే ప్రేమ కొద్దీ ఒకేసారి కుక్కి పెట్టొద్దు, ఒంట్లో ఫాస్ఫేట్ లాంటివి గభాలున పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, డాక్టర్ చెప్పినట్టే మెల్లగా పెంచాలి.

తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ (మానసిక వైద్యం) ఓపీ ఉంది, పిచ్చోళ్లు పోయే చోటని భయపడొద్దు. పోలేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి కొట్టండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా ఆలోచించకుండా 108.

రూమ్మేట్లు "తిను తిను" అని మీద పడొద్దు, బరువు మాటే ఎత్తొద్దు. "నిన్న నువ్వు తూలితే నాకు భయమేసింది" అనండి చాలు. మా విషయంలో పనికొచ్చింది ఒకటే, ఆమె పళ్లెం వైపు చూడకుండా సినిమా కబుర్లు చెప్తా, ఆమె గంటసేపు తింటే మేం కూడా లేవకుండా ఎండిపోయిన ఎంగిలి చేతుల్తో కూర్చునేవాళ్లం.